తొక్కడం ఆపినా చక్రం ఆగదు



వార్డు నుండి ఒక రోగిని ఇంటికి పంపేటప్పుడు మేము మందుల చీటీ చేతిలో పెట్టి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, కట్టు ఎప్పుడు మార్పించుకోవాలో వివరంగా చెబుతాము. అంతా విన్న తరువాత దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "సిస్టరమ్మా, మళ్ళీ పనిలోకి ఎప్పుడు వెళ్ళొచ్చు?" ముప్పై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్న వింటున్నాము. "ఎన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవాలమ్మా?" అని అడిగినవారిని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. విశ్రాంతి అనే మాట మేమే ఎత్తితే కొందరు సిగ్గుపడతారు, కొందరు నవ్వుతారు. భక్తిగల కొందరైతే, "ప్రభువు పనిలో అలసట ఏమిటమ్మా" అని మమ్మల్నే గద్దిస్తారు.

విశ్రాంతి సోమరితనం కాదని, అది కూడా విశ్వాసంలో ఒక భాగమేనని ఈ సంచికలో చెప్పాలనుకుంటున్నాము. మేము నర్సింగ్ డిప్లొమా చదివినవాళ్ళమే గాని వేదాంత శాస్త్రం చదివినవాళ్ళం కాము. ఈ పాఠం మాకు నేర్పినది ఒక పాత లేడీస్ సైకిలు.

కాలువ గట్టు మీద

శిక్షణ ముగించి 1992లో గ్రామ ఆరోగ్య పరిచర్యలో చేరినప్పుడు మాకు ఇచ్చిన వాహనం సైకిలే. గోదావరి డెల్టా ఊళ్ళు మీకు తెలిసినవే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్ళు పారే కాలువల గట్లే మా దారులు. వెనుక క్యారియరు మీద ప్రసవాల సంచి, ముందు హ్యాండిలుకు టీకాల డబ్బా. రోజుకు నాలుగైదు ఊళ్ళు.

మాతో ఒక పెద్ద సిస్టరు గారు ఉండేవారు. ఆమెకు అప్పటికే యాభై దాటాయి. మిగిలిన మేము ముగ్గురం ఇరవైల్లో ఉన్నవాళ్ళం. ఆసుపత్రి గేటు దాటగానే పందెం వేసుకున్నట్టు తొక్కేవాళ్ళం. ఆమె మాత్రం వెనుక నిదానంగా, ఒకే తీరుగా వచ్చేవారు. లాకుల దగ్గర వంతెన వస్తే సైకిలు దిగి, నడిపించుకుంటూ ఎక్కేవారు. అవతల రావిచెట్టు కింద ఆగి, సీసాలో నీళ్ళు త్రాగి, చెంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ బయలుదేరేవారు. మేము ఒకరినొకరం చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

మూడో ఊరు వచ్చేసరికి మా నవ్వు మాయమయ్యేది. కాళ్ళు వణికేవి. ఆయాసం తీరకముందే బి.పి. చూడడానికి కూర్చునేవాళ్ళం. స్టెతస్కోపులో వినిపించేది అవతలివారి చప్పుడో, మా గుండె దడో తెలిసేది కాదు. ఒకరోజు ఒక గర్భిణిని అలాగే చూశాము. కాళ్ళు వాచాయని చెప్పింది. ఉప్పు తగ్గించమని చెప్పి లేచాము. ఇంతలో పెద్ద సిస్టరు గారు వచ్చి, ఆ ఇంటి అరుగు మీద తీరికగా కూర్చుని, "ఏమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగారు. అప్పుడు ఆ అమ్మాయి నోరు విప్పింది. రెండు రోజులుగా విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు కమ్ముతున్నాయట. ఆమె మళ్ళీ బి.పి. చూస్తే చాలా ఎక్కువగా ఉంది. గర్భిణికి వాపు, తలనొప్పి, చూపు మసక, పైగా బి.పి. కలిసి వస్తే అది గుర్రపువాతానికి ముందు వచ్చే హెచ్చరిక. ఆ సాయంత్రానికే ఆమెను ఆసుపత్రికి చేర్చాము. దేవుని కృపవలన తల్లీ బిడ్డా దక్కారు.

తిరుగు ప్రయాణంలో పెద్ద సిస్టరు గారు మమ్మల్ని ఏమీ అనలేదు. వంతెన దగ్గర ఆగినప్పుడు మాత్రం, "ఊరు చేరడం మన పని కాదమ్మా. చేరిన తరువాత మన పని మొదలవుతుంది. దానికి కాస్త ఓపిక మిగుల్చుకుని రావాలి" అన్నారు. ఆ మరునాటి నుండి మేము కూడా వంతెన దగ్గర దిగడం నేర్చుకున్నాము.

ఫ్రీవీలు చెప్పే మాట

సైకిలు వెనుక చక్రానికి ఫ్రీవీలు ఉంటుంది. పెడలు తొక్కినప్పుడు దానిలోని చిన్న నాలుకల వంటి ముక్కలు పళ్ళను పట్టుకుని చక్రాన్ని తిప్పుతాయి. కాళ్ళు ఆపితే ఆ ముక్కలు పళ్ళ మీదుగా టిక్ టిక్ మని జారిపోతాయి, చక్రం మాత్రం తన దారిన తిరుగుతూనే ఉంటుంది. తొలినాటి సైకిళ్ళకు ఈ సదుపాయం లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగవలసిందే. 19వ శతాబ్దం చివర్లో ఫ్రీవీలు వాడుకలోకి వచ్చాకే తొక్కేవారి కాళ్ళకు ఊరట దొరికింది.

మనలో చాలామంది ఫ్రీవీలు లేని సైకిలులాగా బ్రతుకుతున్నాము. నేను ఒక్క పూట ఆగితే ఇల్లు ఆగిపోతుంది, సంఘం ఆగిపోతుంది, ఆసుపత్రి ఆగిపోతుంది అనుకుంటాము. పైకి ఇది బాధ్యతలాగా కనబడుతుంది. లోపల మాత్రం, లోకాన్ని నడిపేది నా కాళ్ళే అనే తలంపు దాగి ఉంటుంది.

వార్డులో రాత్రులు గడిపిన మాకు ఇంకొక సంగతి తెలుసు. మనం నిద్రపోతున్నప్పుడు శరీరం పని మానదు. ఆరోగ్యవంతులకు రాత్రి నిద్రలో బి.పి. సాధారణంగా 10 నుండి 20 శాతం తగ్గి, గుండెకు, రక్తనాళాలకు విరామం దొరుకుతుంది. గాఢ నిద్రలో ఎదుగుదలకు, కణజాలం బాగుపడడానికి అవసరమైన హార్మోను ఎక్కువగా విడుదలవుతుంది. ఆపరేషన్ గాయానికి మేము కట్టు కడతాము, శుభ్రం చేస్తాము. కాని క్రింద నుండి కొత్త కండ పుట్టించేది మేము కాదు. తెల్లవారి కట్టు విప్పి చూసినప్పుడు, మేమందరం నిద్రించిన వేళ మేలుకుని పనిచేసిన చెయ్యి ఒకటి ఉందని మాకు అర్థమవుతుంది. గాలివానలో ఊగిపోతున్న దోనెలో మన ప్రభువు నిద్రపోయాడని సువార్తలో చదువుతున్నాము. తండ్రి మీద అంత నమ్మకం ఉన్నవాడే అలా నిద్రించగలడు.

అలాగని ఎప్పుడూ కాళ్ళు ఆపి కూర్చుంటే సైకిలు కొంతదూరం పోయి పడిపోతుంది. మేము చెప్పేది పని మానేయమని కాదు. తొక్కవలసిన చోట తొక్కాలి, ఆపవలసిన చోట ఆపాలి. ఈ రెండూ కలిస్తేనే ప్రయాణం.

ఎదురుగాలి వచ్చినప్పుడు

సైకిలు తొక్కేవారికి గాలి సంగతి బాగా తెలుసు. వేగం రెట్టింపయితే గాలి అడ్డు రెండింతలు కాదు, సుమారు నాలుగింతలవుతుంది. ఎదురుగాలిలో కూడా మామూలు వేగంతోనే పోతాననేవాడు సగం దారిలో చతికిలబడతాడు. తెలిసినవాడు వేగం తగ్గించుకుంటాడు, ఆలస్యమైనా చేరతాడు.

వ్యాధి ఒక ఎదురుగాలి. గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవారు, డయాలిసిస్ చేయించుకుంటున్నవారు, క్యాన్సరు మందులు ఎక్కించుకుంటున్నవారు, క్షయకు చికిత్స పొందుతున్నవారు దయచేసి ఈ మాట వినండి. నిరుటి వేగం ఈ ఏడు మీ నుండి దేవుడు అడగడం లేదు. పక్కింటివారి వేగమూ అడగడం లేదు. మునుపు గంటలో చేసే పనికి ఇప్పుడు మూడు గంటలు పడితే అది మీ విశ్వాసం తగ్గిందనడానికి గుర్తు కాదు.

మేము చేసిన తప్పు

ఇతరులకు చెప్పే ముందు మా తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం నర్సింగ్ ఆఫీసు బాధ్యత మా మీద పడిన కొత్తలో సిబ్బంది చాలా తక్కువగా ఉండేవారు. నైట్ డ్యూటీ చేసినవారినే ఉదయం డ్యూటీకి కూడా ఉంచేవాళ్ళం. వారాల తరబడి ఆఫ్ అడగని సిస్టర్లను ప్రార్థన కూడికలో నిలబెట్టి మెచ్చుకున్నాము. ఆఫ్ అడిగినవారికి పరిచర్య మనసు లేదని లోలోపల తీర్పు తీర్చాము.

ఒకనాడు ఒక చిన్న సిస్టరు రాత్రి డ్యూటీ, దాని వెనుకే పగలు డ్యూటీ చేసి, బండి మీద ఇంటికి వెళుతూ కునికింది. బండి గట్టు దిగి పడిపోయింది. మెడ క్రింది కాలరు ఎముక విరిగింది. స్ట్రెచరు మీద పడుకోబెట్టి తీసుకువచ్చినప్పుడు ఆ పిల్ల మమ్మల్ని చూసి అన్న మొదటి మాట, "సారీ మేడమ్, రేపు డ్యూటీకి రాలేను" అని. ఆ మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. అంత నొప్పిలో కూడా ఆ పిల్ల మాకు క్షమాపణ చెప్పింది. చెప్పవలసినవాళ్ళం మేము.

తరువాత చదివి తెలుసుకున్నాము. వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. జీవితంలో చుక్క ముట్టని విశ్వాసి కూడా నిద్ర లేకుండా బండి ఎక్కితే తాగి నడిపినవాడితో సమానమే. అటువంటి చేతులతో మేము సిస్టర్ల చేత ఇంజెక్షన్లు చేయించాము. పెద్ద కీడు జరగకుండా కాపాడినది దేవుని కనికరమే గాని మా జాగ్రత్త కాదు.

ఆ తరువాత డ్యూటీ పట్టిక మార్చాము. నైట్ తరువాత మార్నింగ్ వేయకూడదు. వారానికి ఒక ఆఫ్ తప్పనిసరి. పైవారు తీసుకోకపోతే క్రిందివారు అడగలేరు గనుక ముందు మేమే ఆఫ్ తీసుకోవడం మొదలుపెట్టాము. ఇది తేలికగా జరగలేదు. తొందర లేని కొన్ని ఆపరేషన్లు వాయిదా వేయవలసి వచ్చింది. కొందరు రోగులు కోపపడ్డారు, వారి కోపంలో న్యాయం ఉంది. అయినా ఆ నిర్ణయం సరియైనదేనని ఈనాటికీ నమ్ముతున్నాము.

ఏలీయా ప్రవక్త అలసిపోయి, ఇక చాలునని చెట్టు క్రింద పడుకున్న సంగతి మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయములో ఉంది. దేవుని దూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు. నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. వేడి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకోనిచ్చాడు. మరోసారి లేపి మళ్ళీ తినిపించాడు. ఆ తరువాతే దూర ప్రయాణం. దేవుడే అలా చేస్తే, అలసినవారిని నిలబెట్టి ఇంకా తొక్కమనడానికి మేమెవరం?

ఆదివారం ఎవరికి విశ్రాంతి?

సంఘ పెద్దలు కోపగించుకోకుండా వినాలని కోరుతున్నాము. మన ఇళ్ళల్లో ఆదివారం విశ్రాంతి దినం. కాని ఎవరికి? తల్లి ఆ రోజు అన్ని రోజులకంటే ముందు లేస్తుంది. పిల్లల తలస్నానాలు, తెల్లబట్టల ఇస్త్రీ, వంట. మందిరం నుండి రాగానే చుట్టాలకో, అతిథిగా వచ్చిన పాస్టరు గారికో భోజనం. ప్రేమవిందు ఉంటే పెద్ద గిన్నెలు తోమడం కూడా ఆమెదే. సాయంత్రం స్త్రీల కూడిక. సోమవారం మా ఓ.పి.లో తలనొప్పి, నడుంనొప్పి, బి.పి. మాత్ర వేసుకోవడం మరిచిపోయామని వచ్చే అక్కలను అడిగితే, "నిన్న ఆదివారం కదా సిస్టరు గారూ" అంటారు.

నిర్గమకాండములో విశ్రాంతి దినపు ఆజ్ఞ ఇంటి యజమానికి మాత్రమే ఇచ్చినది కాదు. పనివారిని, పరదేశిని, చివరకు ఎద్దును, గాడిదను కూడా అందులో లెక్కించారు. గాడిదకు దొరికిన విశ్రాంతి మన ఇంటి ఆడవారికి దొరకకపోతే ఆ ఆజ్ఞను మనం సగమే పాటించినట్టు. ఆదివారం వంట తేలిక చేయండి. పప్పు, అన్నం, పచ్చడి చాలు. ప్రేమవిందు గిన్నెలు యౌవనస్థులు, పురుషులు తోమవచ్చు.

చిన్నవారి నడకను బట్టి

"మీరు విశ్రాంతి అంటారు. కూలికి పోకపోతే మా పొయ్యి వెలగదు సిస్టరమ్మా." హెర్నియా ఆపరేషన్ అయిన ఒక అన్న మాతో అన్న మాట ఇది. బరువులు మోయవద్దని మేము చెప్పాము. ఆయన బ్రతుకుతెరువే బస్తాలు మోయడం. ఆ మాటకు జవాబు మా మందుల అరలో లేదు. సంఘం దగ్గర ఉంది.

టీవీలో సైకిలు పోటీలు చూసినవారు గమనించే ఉంటారు. పోటీదారులు ఒకరి వెనుక ఒకరు దగ్గరగా పోతారు. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనుకవారికి శ్రమ తగ్గుతుంది. ముందువాడు అలసితే ప్రక్కకు తప్పుకుని వెనుకకు వస్తాడు, ఇంకొకడు ముందుకు పోతాడు. ఫ్రాన్సులో జరిగే పెద్ద పోటీలో సాధారణంగా 23 రోజుల్లో 21 దశలు, రెండు విశ్రాంతి దినాలు ఉంటాయి. లోకంలోకెల్లా బలమైన కాళ్ళు ఉన్నవారికే విశ్రాంతి దినం నియమించినప్పుడు మన సంగతి చెప్పాలా?

సంఘం కూడా ఇలా వరుసలు మార్చుకోవాలి. ఒక కుటుంబంలో ఆపరేషన్ జరిగితే నెల రోజులు నాలుగు ఇళ్ళవారు వంతుల ప్రకారం బియ్యం, కూరగాయలు చేర్చవచ్చు. రోగి దగ్గర రాత్రి కూర్చునే అమ్మకు బదులుగా ఒక్క రాత్రి ఇంకొకరు కూర్చోవచ్చు. పేదవాడికి విశ్రాంతి దొరకాలంటే ఎవరో ఒకరు వాని ముందు గాలి చీల్చాలి. ప్రార్థన చేస్తామని చెప్పి ఇంటికి వెళ్ళిపోవడంకంటే ఇది ఎక్కువ శ్రమ. ప్రార్థనకు జవాబు వచ్చేది కూడా తరచుగా ఇలాంటి చేతుల ద్వారానే.

ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు తనతో కలిసి నడవమని యాకోబును పిలిచాడు. యాకోబు ఒప్పుకోలేదు. తన పిల్లలు పసివాళ్ళని, పాలిచ్చే పశువులు ఉన్నాయని, ఒక్కరోజు తొందరపెట్టి తోలినా మంద చచ్చిపోతుందని చెప్పాడు. పిల్లల నడకను బట్టి మెల్లగా వస్తానన్నాడు. కుటుంబాన్ని, సంఘాన్ని, ఆసుపత్రిని నడిపేవారందరూ ఈ అధ్యాయాన్ని ఏడాదికి ఒకసారైనా చదవాలని మా అభిప్రాయం. గుంపు వేగాన్ని నిర్ణయించవలసినది ముందున్న బలవంతుడు కాదు, వెనుక ఉన్న బలహీనుడు.

ఈ వారం నుండి

సైకిలు తొక్కాలనుకునేవారికి, నడవాలనుకునేవారికి కొన్ని మాటలు.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మొదటిరోజే అంత చేయనవసరం లేదు. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. గుండె జబ్బు, బి.పి. ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు, బాలింతలు ముందుగా డాక్టరు గారిని అడగండి.

వేగం సరిగా ఉందో లేదో తెలియడానికి యంత్రం అవసరం లేదు. మాట్లాడగలగాలి, కాని పాట పాడలేనంత శ్రమ ఉండాలి. నాలుగు మాటలు కూడా రాకపోతే వేగం తగ్గించండి.

షుగరుకు ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవారు జేబులో గ్లూకోజు పొడి లేదా పంచదార పొట్లం ఉంచుకోండి. చెమట, వణుకు, హఠాత్తుగా ఆకలి, తికమక వస్తే ఆగి వెంటనే నోట్లో వేసుకోండి.

ఎండాకాలం పెందలాడే గాని, పొద్దు వాలాక గాని తొక్కండి. దాహం కాకముందే నీళ్ళు త్రాగండి. నీళ్ళు కొలిచి త్రాగమని డాక్టరు చెప్పిన గుండె, కిడ్నీ రోగులు ఆ కొలత దాటవద్దు.

ఛాతీ బిగపట్టడం, ఎడమచెయ్యికి గాని దవడకు గాని నొప్పి పాకడం, తల తిరగడం, ఆగినా తగ్గని ఆయాసం ఉంటే "ఇంకొంచెం దూరమే కదా" అనుకోవద్దు. అక్కడే కూర్చోండి. 108కి ఫోను చేయించండి.

రాత్రి కనీసం ఏడు గంటలు నిద్రపోండి. నిద్ర వస్తుంటే బండి ప్రక్కకు ఆపండి. టీ త్రాగితే కొద్దిసేపు కళ్ళు తెరుచుకుంటాయే గాని నిద్ర అప్పు తీరదు.

మా పెద్ద సిస్టరు గారు ఇప్పుడు ప్రభువునందు నిద్రిస్తున్నారు. ఆ లాకుల వంతెన ఇంకా ఉంది. మా మోకాళ్ళు మునుపటిలా లేకపోయినా అప్పుడప్పుడు ఆ గట్టు మీద సైకిలు మీద వెళుతుంటాము. వంతెన దగ్గర దిగుతాము. అవతల దిగువకు వచ్చేటప్పుడు కాళ్ళు ఆపి కూర్చుంటే ఫ్రీవీలు టిక్ టిక్ మంటుంది. ఆ కాసేపు మేము ఏమీ చేయము. అయినా ముందుకు పోతూనే ఉంటాము.

ఈ పత్రిక చదువుతున్న మీలో అలసిపోయినవారు ఎవరైనా ఉంటే ఈ రాత్రి ఒక గంట ముందుగా దీపం ఆర్పండి. మిగిలిన పని రేపు ఉంటుంది. మేలుకుని ఉండే ప్రభువు ఉన్నాడు. ఆయన మీకు నిద్రను, నెమ్మదిని దయచేయును గాక. ఆమెన్.

మీ క్షేమము కోరే,
నర్సింగ్ సూపరింటెండెంట్